యూరప్‌లో 'అసైలం': ఏజెంటు చెప్పేదెంత, చట్టంలో ఉన్నదెంత

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, దాన్ని ఆనుకుని ఉన్న రాయచోటి ప్రాంతంలో గల్ఫ్ అంటే కొత్త మాట కాదు. మదనపల్లె, పీలేరు, కలికిరి, వాయల్పాడు వైపు ముస్లిం ఇళ్లలో అబ్బానో, చాచానో, ఖాలానో కువైట్లోనో సౌదీలోనో పనిచేసి వచ్చినవాళ్లు ఉంటారు. ఆకామా, కఫీల్, ఖాదిం వీసా అంటే ఇంట్లో ముసలమ్మకు కూడా తెలుసు. ఇప్పుడు వాళ్ల పిల్లల దగ్గరికి ఇంకో మాట వస్తోంది, యూరప్. విజిట్ వీసా మీద దిగు, దిగినాక అసైలం వెయ్యి, కేసు నడిచినన్నాళ్లూ పని చేసుకో, నాలుగైదేళ్లలో కార్డు వచ్చేస్తుంది. ఏజెంట్ల మాటల సారం ఇంతే. కుర్రోడు ముస్లిం అని తెలిస్తే ఇంకో ముక్క కలుపుతారు, మీవాళ్లకైతే తొందరగా ఇచ్చేస్తారు అని.

ఈ మాట నమ్మితే ముందు కదిలేది ఇంట్లో ఆడవాళ్ల బంగారం. అది కుదవకు పోతుంది, చాలకపోతే చేబదులు, అదీ చాలకపోతే వడ్డీ. 8 లక్షలు నూటికి రెండు రూపాయల లెక్కన తెచ్చారనుకుందాం. నెలకు 16,000 వడ్డీ, ఏడాదికి 1,92,000. అక్కడ పిల్లోడు పని మొదలుపెట్టినా పెట్టకపోయినా ఇక్కడ ఈ మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే అసైలం అంటే ఏంటి, అది ఎవరికి, మన జిల్లా నుంచి వెళ్లినవాళ్లు దరఖాస్తు చేస్తే ఏమవుతుంది అన్నది డబ్బు కట్టకముందే తెలిసి ఉండాలి.

అసైలం అంటే పని వీసా కాదు

అసైలం అంటే ఆశ్రయం. సొంత దేశంలో ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్నవాళ్లకు ఇంకో దేశం ఇచ్చే రక్షణ. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటన 14వ అధికరణంలో, వేధింపుల నుంచి తప్పించుకుని ఆశ్రయం కోరుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని రాసుకున్నారు. దానికి చట్టం రూపం ఇచ్చింది 1951 నాటి శరణార్థుల ఒప్పందం. శరణార్థి ఎవరు అన్న ప్రశ్నకు ఆ ఒప్పందం ఐదు కారణాలు చెప్తుంది. జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం. వీటిలో ఏదో ఒకదాని వల్ల తనను వేధిస్తారన్న భయం ఉండాలి, ఆ భయానికి ఆధారం ఉండాలి, సొంత ప్రభుత్వం కాపాడలేని పరిస్థితి ఉండాలి.

ఈ ఐదింటిలో ఉద్యోగం లేకపోవడం లేదు, అప్పులు లేవు, వానలు పడక టమాటా తోట ఎండిపోవడం లేదు. అవి నిజమైన కష్టాలే. కానీ ఆ కష్టాలకు ఉన్న దారి పని వీసా. ఏజెంటు చేసే పని ఏంటంటే ఈ రెండో రకం మనిషిని తీసుకెళ్లి మొదటి క్యూలో నిలబెట్టడం.

ఐరోపా యూనియన్ చట్టంలో ఇంకో రకం రక్షణ కూడా ఉంది. ఐదు కారణాల్లో పడకపోయినా, వెనక్కి పంపితే మరణశిక్షో చిత్రహింసో తప్పదనుకున్నప్పుడు, లేదా యుద్ధంలో గుడ్డిగా చంపేసే పరిస్థితి ఉన్నప్పుడు అనుబంధ రక్షణ ఇస్తారు. సిరియా నుంచి వెళ్లిన చాలామందికి దక్కింది ఇదే.

యూరప్ అంటే ఒకే దేశం కాదు

ఇక్కడే చాలామంది తికమక పడతారు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే 29 దేశాలు. ఐరోపా యూనియన్ అంటే 27 దేశాలు. ఐర్లాండ్ యూనియన్‌లో ఉంది, షెంగెన్‌లో లేదు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది, యూనియన్‌లో లేదు. బ్రిటన్ రెండింట్లోనూ లేదు. వీటన్నిటికంటే పెద్దది 46 దేశాలున్న కౌన్సిల్ ఆఫ్ యూరప్. 1950 నవంబర్ 4న రోమ్‌లో సంతకమై 1953లో అమల్లోకి వచ్చిన ఐరోపా మానవ హక్కుల ఒప్పందం దీనిదే. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికొచ్చినా ఈ ఒప్పందంలో ఇంకా ఉంది. రష్యాను 2022లో బయటికి పంపారు.

కోర్టులు కూడా రెండు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నది మానవ హక్కుల కోర్టు, 46 దేశాల మీద తీర్పు చెప్తుంది. లక్సెంబర్గ్‌లో ఉన్నది యూనియన్ కోర్టు, యూనియన్ చట్టాలకు అర్థం చెప్తుంది. పేపర్లో 'యూరప్ కోర్టు తీర్పు' అని కనిపిస్తే ముందు ఏ కోర్టో చూసుకోవాలి.

స్ట్రాస్‌బర్గ్ ఒప్పందంలో అసైలం అన్న పదమే లేదు. ఏ దేశంలోకైనా వచ్చే హక్కు విదేశీయుడికి ఉందని కూడా అది చెప్పదు. వలసదారుకు దాని వల్ల దొరికే పెద్ద రక్షణ 3వ అధికరణం. ఎవరినీ చిత్రహింసలు పెట్టకూడదు, అమానుషంగా చూడకూడదు. ఇంతే ఉంటుంది, మినహాయింపులు ఉండవు. దీని నుంచి కోర్టు ఇంకో సూత్రం తీసింది. చిత్రహింస జరుగుతుందని తెలిసిన చోటికి మనిషిని పంపడం కూడా ఈ అధికరణాన్ని ఉల్లంఘించడమే.

ఆ సూత్రం గట్టిపడిన కేసుల్లో ఒకటి ఇండియాకు సంబంధించినదే. బ్రిటన్‌లో ఉంటున్న చాహల్ అనే సిక్కు వేర్పాటువాదిని జాతీయ భద్రత పేరుతో ఇండియాకు పంపేయాలని ఆ ప్రభుత్వం నిర్ణయించింది. 1996 నవంబర్ 15న స్ట్రాస్‌బర్గ్ కోర్టు దాన్ని ఆపింది. మనిషి ఎలాంటివాడైనా, దేశ భద్రతకు ముప్పని ప్రభుత్వం అన్నా, 3వ అధికరణంలో తూకం వేయడం ఉండదని చెప్పింది. 2011లో ఒక అఫ్ఘాన్ వ్యక్తి కేసులో, గ్రీస్‌లో శరణార్థుల పరిస్థితి తెలిసీ అతన్ని అక్కడికి పంపినందుకు బెల్జియాన్ని తప్పుపట్టింది. 2012లో హిర్సీ కేసులో, సముద్రం మధ్యలో పట్టుకున్న సోమాలియా, ఎరిట్రియా వాళ్లను కనీసం పేరు కూడా అడగకుండా లిబియాకు తిప్పి పంపినందుకు ఇటలీని తప్పుపట్టింది.

ప్రభుత్వాలకు ఈ తీర్పులు నచ్చడం లేదన్నది దాచేదేం కాదు. 2025 మే నెలలో ఇటలీ, డెన్మార్క్‌తో కలిపి 9 దేశాలు, ఈ కోర్టు ఒప్పందాన్ని మరీ సాగదీస్తోందని బహిరంగ లేఖ రాశాయి. గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

ఇండియా పేరు 'సురక్షిత దేశం' జాబితాలో

ఏజెంటు దగ్గర వినపడని సంగతి ఇది. బ్రిటన్ ఇండియాను సురక్షిత దేశాల జాబితాలో చేరుస్తున్నట్టు 2023 నవంబర్‌లో ప్రకటించింది. ఐరోపా యూనియన్ మొత్తానికి కలిపి ఒకే జాబితా పెట్టాలని యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్ 16న ప్రతిపాదించింది. అందులో ఏడు దేశాలు. బంగ్లాదేశ్, కొలంబియా, ఈజిప్టు, ఇండియా, కొసావో, మొరాకో, ట్యునీసియా. ఈ దేశాల వాళ్లు పెట్టే దరఖాస్తుల్లో రక్షణ దొరికేది 5 శాతమో అంతకన్నా తక్కువో అన్నది కమిషన్ చెప్పిన కారణం. అంటే వందలో 95 మందికి తక్కువ కాకుండా కాదంటున్నారు. ఈ లెక్క ముందు పెట్టుకుని ఎవరైనా 8 లక్షలు పెట్టుబడి పెడతారా అన్నది ఇంట్లో కూర్చుని అడుక్కోవాల్సిన ప్రశ్న.

సురక్షిత దేశం అంటే దరఖాస్తే తీసుకోరని కాదు. ప్రతి మనిషినీ విడిగా ఇంటర్వ్యూ చేయాలి, దుబాసీని ఇవ్వాలి, నా దేశం నాకు మాత్రం సురక్షితం కాదని నిరూపించుకునే అవకాశం ఇవ్వాలి. లక్సెంబర్గ్ కోర్టు 2025 ఆగస్టు 1న ఇద్దరు బంగ్లాదేశీల కేసులో ఇదే గుర్తుచేసింది. ఇటలీ వాళ్లను అల్బేనియాలోని కేంద్రానికి తరలించింది. ఒక దేశాన్ని సురక్షితం అని ప్రభుత్వం ప్రకటిస్తే, ఏ ఆధారాలతో ప్రకటించిందో దరఖాస్తుదారుకు, జడ్జికి తెలియాలని, ఆ ప్రకటనను కోర్టు పరిశీలించవచ్చని తీర్పులో ఉంది. కాకపోతే నిరూపించే బరువు మొత్తం దరఖాస్తుదారు నెత్తిన పడుతుంది, టైం తగ్గిపోతుంది.

2024లో ఆమోదం పొందిన ఐరోపా వలస, ఆశ్రయ ఒప్పందం అమలు తేదీ 2026 జూన్ 12. దాని ప్రకారం కాగితాలు లేకుండా సరిహద్దు దాటినవాళ్లను 7 రోజుల్లోపు తనిఖీ చేస్తారు. వేలిముద్రలు, ముఖం ఫోటో ఆరేళ్ల పిల్లల నుంచీ తీసుకుంటారు. ఏ దేశస్థుల దరఖాస్తుల్లో ఆమోదం 20 శాతం లోపు ఉందో, వాళ్లు సరిహద్దులో దొరికితే అక్కడే ఆపి అప్పీలుతో కలిపి 12 వారాల్లో తేల్చేస్తారు. మన పాస్‌పోర్టు ఈ గీత కిందే ఉంది. లోపలికి వెళ్లాక దరఖాస్తు పెట్టినా, సురక్షిత దేశం వాళ్లది వేగం దారిలో పడుతుంది, మూడు నెలల్లో నిర్ణయం. అప్పీలు వేసుకోవచ్చు, కానీ అప్పీలు వేసినంత మాత్రాన అక్కడే ఉండే హక్కు తనంతట తానే రాదు, దానికోసం కోర్టును విడిగా అడగాలి.

'కేసు నడిచినన్నాళ్లూ పని చేసుకో' అన్న మాట సంగతి. పాత నియమాల్లో దరఖాస్తు పెట్టిన 9 నెలల లోపు పని అనుమతి ఇవ్వాలి, కొత్త వాటిలో అది 6 నెలలు. అయితే వేగం దారిలో పడిన కొన్ని రకాల దరఖాస్తులకు అసలు అనుమతి ఇవ్వకుండా ఆపే వీలు కూడా కొత్త నియమాల్లోనే ఉంది. ఆరు నెలలు పని లేకపోతే పైన చెప్పిన అప్పుకు వడ్డీ ఒక్కటే 96,000 అవుతుంది.

'ముస్లింలకు ఇచ్చేస్తారు' అన్న మాట

దీన్ని దాటేసి పోకూడదు, ఎందుకంటే ఈ మాటే మన పిల్లల్ని ఎక్కువ లాగుతుంది. ఇండియాలో ముస్లింల పరిస్థితి మీద ఐరోపా అధికారులు నివేదికలు చదువుతారు, అది నిజం. కానీ వాళ్లు అడిగేది దేశంలో ఏం జరుగుతోందని మాత్రమే కాదు. నీకు ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు, పోలీసుల దగ్గరికి వెళ్లావా, వెళ్తే ఏమన్నారు? దాని తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. నీ ఊళ్లో ఇబ్బంది ఉంటే దేశంలో ఇంకో చోట ఉండలేవా? పుంగనూరులో గొడవైతే హైదరాబాద్ వెళ్లలేవా, చెన్నై వెళ్లలేవా? దీన్ని చట్టంలో అంతర్గత రక్షణ అంటారు. ఇండియా అంత పెద్ద దేశం నుంచి వెళ్లిన దరఖాస్తులు ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువ ఇరుక్కుంటాయి.

నిజంగా ముప్పు ఉన్నవాళ్లు ఉండరా అంటే ఉంటారు. వేరే మతం మనిషిని పెళ్లి చేసుకుని ఇంటివాళ్ల నుంచే ప్రాణభయం ఉన్నవాళ్లు, రాసిన రాతలకు కేసులు, బెదిరింపులు ఎదుర్కొంటున్నవాళ్లు ఉండొచ్చు. అలాంటివాళ్లకు ఈ హక్కు ఉంది, దానికి ఏజెంటు అవసరమే లేదు. దరఖాస్తుకు ఫీజు ఉండదు. ఏజెంటు టైపు చేసిచ్చిన కథ, నాలుగు దరఖాస్తుల్లో ఒకేలా కనిపించే కథ, నిజంగా భయపడి వచ్చినవాడి మాటను కూడా అనుమానంగా చూసేలా చేస్తుంది. అబద్ధం చెప్పినవాడికి ఒక కేసు పోతుంది, నిజం చెప్పినవాడికి ప్రాణం పోవచ్చు.

ఇంకొన్ని చిక్కులు డబ్బు కట్టాక గానీ తెలియవు. అసైలం వేసినవాళ్ల పాస్‌పోర్టు అక్కడి అధికారులు తీసి పెట్టుకోవడం మామూలు. అమ్మీకి ఒంట్లో బాగాలేదని, చెల్లి నికా అని ఊరికి వస్తే కేసు వదులుకున్నట్టే. శరణార్థి హోదా దొరికినవాళ్లు కూడా సొంత దేశం ఎంబసీకి వెళ్లి పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుంటే, మీ ప్రభుత్వం మీద భయం లేనట్టేగా అని ఆ హోదా తీసేసే వీలు 1951 ఒప్పందంలోనే ఉంది. కువైట్ నుంచి రెండేళ్లకోసారి వచ్చి వెళ్లినట్టు ఇది జరగదు.

పోలండ్ వీసా మీద దిగి జర్మనీలో అసైలం వేద్దామన్న ప్లాను కూడా చాలా పాతది. డబ్లిన్ నియమం ప్రకారం, మామూలుగా ఏ దేశం వీసా ఇచ్చిందో దరఖాస్తు బాధ్యత ఆ దేశానిదే. చెన్నైలో వీసాకు వేలిముద్రలు ఇచ్చినప్పుడే ఆ రికార్డు తయారవుతుంది. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు మీద ముద్రల బదులు కంప్యూటర్ వ్యవస్థ మొదలుపెట్టారు. 180 రోజుల్లో 90 రోజుల గడువు ఎవరు దాటారో అదే లెక్క కడుతుంది.

మూసేసిన తలుపులు

ఏజెంట్లు చెప్పే కథల్లో కొన్ని ఒకప్పుడు నిజమే. సెర్బియాకు మన పాస్‌పోర్టుతో వీసా లేకుండా వెళ్లే వీలుండేది. అక్కడి నుంచి ఆస్ట్రియాలోకి నడిచి వెళ్లి 2022లో వేల మంది భారతీయులు అసైలం వేశారు. 2023 జనవరి 1 నుంచి సెర్బియా ఆ వీలు తీసేసింది. పోర్చుగల్‌లో విజిట్ మీద వెళ్లి, పని వెతుక్కుని, ఆ పని చూపించి రెసిడెన్స్ అడిగే పద్ధతి ఉండేది. 2024 జూన్‌లో దాన్ని ఆపేశారు. బ్రిటన్‌లో వృద్ధుల సేవకు విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం 2025 జూలై 22 నుంచి బంద్. మూడేళ్ల కింద వెళ్లిన బంధువు సెటిలయ్యాడు అన్నది అబద్ధం కాకపోవచ్చు, కానీ అతను వెళ్లిన తలుపు ఇప్పుడు లేదు.

ఇంకా ఘోరం రష్యా దారి. హెల్పర్ ఉద్యోగం అని తీసుకెళ్లి సైన్యంలోకి పంపిన మోసంలో హైదరాబాద్ యువకుడు ఒకరు 2024లో ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ ముఠాల మీద సీబీఐ కేసు నడిచింది.

స్ట్రాబెర్రీ తోట కేసు

కాగితాలు లేనివాడికి అక్కడ ఏ హక్కూ ఉండదని ఏజెంటూ బెదిరిస్తాడు, పని ఇచ్చినవాడూ బెదిరిస్తాడు. ఆ మాట తప్పని తేల్చిన కేసు ఒకటుంది, మన పడమటి మండలాల వాళ్లు తెలుసుకోదగ్గది. గ్రీస్‌లో మనోలాడా అనే ఊళ్లో స్ట్రాబెర్రీ తోటలున్నాయి. 2012 చివర, 2013 మొదట్లో అక్కడ పనికి బంగ్లాదేశీలను పెట్టుకున్నారు. పని అనుమతి లేదు. రోజుకు ఏడు గంటలకు 22 యూరోలు, అదనపు గంటకు 3 యూరోలు, తిండికి రోజుకు 3 యూరోలు కోత అని మాట. జరిగింది వేరు. ఆయుధాలు పట్టుకున్న కాపలావాళ్ల మధ్య రోజుకు 12 గంటలు పని, మరుగుదొడ్డి, నల్లా నీళ్లు లేని గుడిసెల్లో బతుకు, చేతికి జీతం లేదు. పని ఆపితే ఇప్పటిదాకా చేసిందంతా పోతుంది అన్న భయంతో పని ఆపలేకపోయారు.

2013 ఏప్రిల్ 17న వంద మందికి పైగా కలిసి జీతం అడగడానికి వెళ్లారు. కాపలావాడు తుపాకీ పేల్చాడు. 30 మందికి గాయాలు. గ్రీస్ కోర్టు 2014లో మనుషుల అక్రమ రవాణా ఆరోపణను కొట్టేసింది, గాయపరిచిన నేరానికి మాత్రం శిక్ష వేసింది. 35 మందికి కలిపి పరిహారం 1,500 యూరోలు. తలా 43 యూరోలు, రెండు రోజుల కూలి.

వాళ్లలో 42 మంది స్ట్రాస్‌బర్గ్ వెళ్లారు. 2017 మార్చి 30న తీర్పు వచ్చింది. బానిసత్వాన్ని, బలవంతపు చాకిరీని నిషేధించే 4వ అధికరణాన్ని గ్రీస్ ఉల్లంఘించిందని తేల్చింది. మొదట వాళ్లే ఒప్పుకుని పనికి వచ్చారుగా అన్న వాదనకు కోర్టు ఇచ్చిన జవాబు ముఖ్యమైనది. యజమాని కార్మికుడి నిస్సహాయతను వాడుకుని దోచుకుంటున్నప్పుడు, మొదట ఒప్పుకున్నాడన్నది లెక్కలోకి రాదు. కాగితాలు లేకపోయినా ఈ రక్షణ పోదు. గ్రీస్ కోర్టు విచారణలో పాల్గొన్నవాళ్లకు తలా 16,000 యూరోలు, మిగతావాళ్లకు 12,000 యూరోలు ఇవ్వమని ఆదేశించింది.

యూనియన్ చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 2009 నాటి నియమం ప్రకారం, అనుమతి లేనివాడిని పనిలో పెట్టుకున్న యజమాని బాకీ జీతం కట్టాల్సిందే. ఎన్నాళ్లు పనిచేశాడో తేలకపోతే కనీసం మూడు నెలలు చేసినట్టు లెక్కేయాలి. గల్ఫ్‌లో కల్లివల్లి అయినవాడికి అమ్నెస్టీ వచ్చేదాకా దాక్కోవడమే తెలుసు. అక్కడ మాత్రం జీతం కోసం లేబర్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి, కార్మిక సంఘం దగ్గరికి వెళ్లే దారి చట్టంలో ఉంది. అలాగని వెళ్లినవాళ్లందరికీ న్యాయం దొరికేస్తుందని కాదు, ఈ 42 మందికే నాలుగేళ్లు పట్టింది.

మన దగ్గర ఉన్న చట్టం

ఇండియా 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, 1967 ప్రోటోకాల్ మీద కూడా పెట్టలేదు. శరణార్థుల చట్టమే మనకు లేదు. తిరుపతి జిల్లా దాటగానే తమిళనాడు గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది, హైదరాబాద్ బాలాపూర్ వైపు రోహింగ్యాలు ఉంటున్నారు. వాళ్లకు ఉన్న రక్షణ రాజ్యాంగం 21వ అధికరణం మీద కోర్టులు చెప్పినంత వరకే. 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు, ప్రాణానికి రక్షణ పౌరులకే కాదు, మనిషి అయిన ప్రతివాళ్లకీ ఉందని చెప్పింది. రోహింగ్యాల విషయంలో 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో మాత్రం, పద్ధతి ప్రకారం పంపించేయడాన్ని ఆపలేదు.

బయటికి వెళ్లే మనవాళ్లకు ఉన్నది 1983 ఎమిగ్రేషన్ చట్టం. ఇందులో ఒక ఖాళీ ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. కువైట్, సౌదీ, దుబాయ్, ఖతర్ అన్నీ అందులో ఉన్నాయి. యూరప్ దేశం ఒక్కటీ లేదు. కువైట్ వెళ్లే డ్రైవరు కాంట్రాక్టును సర్కారు ఎంతో కొంత చూస్తుంది, అతనికి ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షల కవర్ ఉంటుంది. ఇటలీ తోట పనికి వెళ్లేవాడి కాగితాన్ని ఇక్కడ ఎవరూ చూడరు. యూరప్ కదా, భయం లేదులే అనుకునే చోటే చెకింగ్ తక్కువ.

అయితే ఏజెంటు లైసెన్సు విషయంలో దేశాల తేడా లేదు. ఏ దేశానికైనా పనికి మనుషుల్ని పంపాలంటే విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే ఉందో లేదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. సర్వీస్ చార్జీ 30,000 దాటకూడదు, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. లక్షలు అడిగాడంటేనే చట్టం దాటాడని అర్థం. 'మేం కన్సల్టెన్సీ, రిక్రూట్‌మెంట్ కాదు' అని బోర్డు పెట్టుకుని తప్పించుకునేవాళ్లూ ఉన్నారు. పని ఇప్పిస్తానని డబ్బు తీసుకుంటే అది రిక్రూట్‌మెంటే. లైసెన్సు లేకుండా చేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా మాత్రం 2,000 వరకే. 1983 నాటి రేటు అది, ఇప్పుడు చెన్నై ఎయిర్‌పోర్టు దాకా ట్యాక్సీకి కూడా చాలదు. అందుకే ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఎమిగ్రేషన్ చట్టంతో పాటు భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్ 318 కూడా పెట్టమని అడగాలి, దాని కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. డబ్బు ఫోన్‌పేలో పంపినా, బ్యాంకులో వేసినా రుజువు మిగులుతుంది. చేతికి ఇస్తే ఏమీ మిగలదు.

నిజమైన దారులు ఉన్నాయి, కాకపోతే అవి నెమ్మదిగా నడుస్తాయి. ఐరోపా బ్లూ కార్డు తీసుకునేవాళ్లలో అందరికంటే ఎక్కువ మంది భారతీయులే, దానికి డిగ్రీ, మంచి జీతం ఉన్న ఉద్యోగం కావాలి. జర్మనీతో 2022 డిసెంబర్ 5న, ఇటలీతో 2023 నవంబర్‌లో మన ప్రభుత్వం వలస ఒప్పందాలు చేసుకుంది. తిరుపతి, చిత్తూరు నర్సింగ్ కాలేజీల్లో చదివిన అమ్మాయిలకు జర్మనీ దారి బాగానే ఉంది, అయితే భాష బీ-2 స్థాయి దాకా నేర్చుకోవాలి. చెన్నైలో గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇటలీ సీజనల్ పనికి అక్కడి యజమాని ముందుగా 'నుల్లా ఓస్తా' అనే అనుమతి తీసుకోవాలి. కోటా తెరిచిన రోజునే దరఖాస్తులు నిండిపోతాయి, ఈ ఒక్క కాగితం చుట్టూనే ఎన్నో నకిలీలు తిరుగుతున్నాయి. విజిట్ వీసా అసలు ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు. దాని మీద ఎన్ని లక్షలు కలిపారో ఏజెంటును అడగండి.

ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లకు

పిల్లోడు ఆల్రెడీ వెళ్లిపోయి ఇరుక్కున్నాడంటే, దాక్కుని కూర్చోవడం ఎప్పుడూ మంచిది కాదు. దరఖాస్తు కొట్టేశాక దేశం వదలమని ఆర్డర్ ఇస్తారు. యూనియన్ నియమం ప్రకారం సొంతంగా వెళ్లిపోవడానికి మామూలుగా 7 నుంచి 30 రోజులు ఇస్తారు. ఆ గడువులో వెళ్లినవాళ్లకు నిషేధం పడకపోవచ్చు. దాటితే పట్టుకుని పంపుతారు, ఐదేళ్ల దాకా మళ్లీ షెంగెన్‌లోకి రానివ్వరు, నిర్బంధం ఆరు నెలల దాకా, కొన్ని పరిస్థితుల్లో ఇంకో పన్నెండు నెలలు. సొంతంగా వచ్చేవాళ్లకు టికెట్టు, కొంత సాయం ఇచ్చే పథకాలు చాలా దేశాల్లో ఐఓఎం అనే అంతర్జాతీయ వలస సంస్థ ద్వారా నడుస్తాయి. నిర్బంధంలో ఉన్నవాడికి తన రాయబార కార్యాలయానికి కబురు పెట్టమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందంలో ఉంది. అసైలం వేసినవాడి విషయంలో మాత్రం అతను అడగకుండా అధికారులు మన ఎంబసీకి చెప్పకూడదు.

ఇంటి నుంచి చేయగలిగింది మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడం. ఎంబసీల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఒకటుంది, 2009 నుంచి నడుస్తోంది. చేతిలో డబ్బు లేనివాళ్లకు తిరుగు టికెట్టు, లాయరు సాయం, మయ్యత్‌ను ఊరికి చేర్చే ఖర్చు దాని నుంచి అడగవచ్చు. రాష్ట్రంలో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ఎవరికి రాసినా ముందు అడిగేవి పాస్‌పోర్టు నంబరు, అక్కడి అడ్రసు, ఏజెంటుకు డబ్బు కట్టిన రసీదు. పిల్లోడు ఎయిర్‌పోర్టుకు బయలుదేరే ముందే వీటి జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో పెట్టుకోవాలి. అక్కడ ఫోను పోయినా, పాస్‌పోర్టు ఎవడైనా లాక్కున్నా, ఇక్కడ ఆ కాగితాలతోనే పని మొదలవుతుంది.